మేఘం కోసం ధూళిని తూచిన రోజులు

హైదరాబాద్ పడమటి వైపు ఒక క్యాంపస్‌లో, డాబా మీద ఏరోసాల్ నమూనాలు సేకరించడంతో నా పీహెచ్‌డీ మొదలైంది. ఏరోసాల్ అంటే గాలిలో తేలుతూ ఉండే సన్నని ఘన, ద్రవ కణాలు: దుమ్ము, మసి, సముద్రపు ఉప్పు, సల్ఫేట్, ఇంకా ఎన్నో. వీటిలో ఏవి నీటి ఆవిరిని పట్టుకుని మేఘంలో బిందువులవుతాయి, ఏవి ఊరికే తిరుగుతూ ఉంటాయి అన్నది నేను తేల్చవలసిన విషయం. మేఘాల సంగతి తర్వాత, ముందు డాబా తాళంచెవి సంపాదించాల్సి వచ్చింది.

భవనాల విభాగంవారు విద్యుత్ విభాగం సంతకం తెమ్మన్నారు. విద్యుత్ విభాగంవారు భద్రతా విభాగం రాసిస్తే తప్ప కుదరదన్నారు. భద్రతా విభాగంలో డాబా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఈ తిరుగుడు గురించి ఇంతకంటే రాయను. ఫైలు చేతపట్టుకుని మెట్లెక్కినవారికి ఇది కొత్త కాదు.

చోటు ఎంచుకోవడం మాత్రం నింపాదిగా చేయాల్సిన పని. క్యాంటీన్ పొగగొట్టం ఎటు ఉంది, జనరేటర్ ఏ మూల ఉంది, ఏసీ యంత్రాలు వేడిగాలి ఎటు వదులుతున్నాయి, చెట్లు డాబా కంటే ఎత్తుగా ఉన్నాయా అని చూసుకోవాలి. నేను అగరుబత్తి వెలిగించి పిట్టగోడ పొడవునా నడిచాను. గోడ దగ్గర పొగ నేరుగా పోకుండా సుడి తిరిగి మళ్లీ వెనక్కి వస్తోంది. అందుకని గాలి పీల్చే గొట్టాన్ని గోడకు దూరంగా, మనిషి తల కంటే ఎత్తులో బిగించాం. నగరం గాలిని కొలవాలనుకుని కింది అంతస్తు పోపు వాసనను కొలిస్తే ఎవరికి లాభం?

కోతుల సంగతి ఏ పరికరం మాన్యువల్‌లోనూ ఉండదు. గొట్టం పైన టోపీలా ఉండే భాగం వాటికి ఎందుకంత నచ్చిందో నాకిప్పటికీ తెలియదు. చివరికి చుట్టూ ఇనుప వల కట్టించాను. వర్షాకాలంలో కందిరీగలు గొట్టం మూతిలో మట్టితో గూడు కడతాయి; వాటికి సన్నని జాలీ. జనరేటర్‌కు మాత్రం ఏ వలా లేదు. కరెంటు పోగానే అది మొదలవుతుంది, ఆ కొద్దిసేపు మసి కొలిచే యంత్రం గీత నిట్టనిలువుగా లేస్తుంది. గేటు దగ్గర ఉండే పెద్దాయన దీనికి మార్గం చూపించాడు. నేను అడగకముందే ఒక పాత నోటుపుస్తకంలో జనరేటర్ వేసిన వేళలు, వెనక ఖాళీ స్థలంలో చెత్త తగలబెట్టిన వేళలు రాయడం మొదలుపెట్టాడు. "బిడ్డా, మళ్లీ అంటించారు" అని ఫోను చేసేవాడు. నా దత్తాంశాల్లో ఏ ముక్క తీసేయాలో తేల్చింది ఎక్కువగా ఆ పుస్తకమే.

ఇక ఫిల్టర్ల పని. 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టర్ బరువు 150 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. పంపు నిమిషానికి 16.7 లీటర్ల గాలి లాగుతుంది, అంటే రోజుకు 24 ఘనపు మీటర్లు. మన దేశంలో పీఎం 2.5కి, అంటే రెండున్నర మైక్రాన్లకు మించని కణాలకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. గాలి సరిగ్గా ఆ పరిమితి దగ్గరే ఉందనుకుంటే ఒక రోజంతా లాగాక ఫిల్టర్ మీద చేరేది ఒకటిన్నర మిల్లీగ్రాములకు లోపే. ఫిల్టర్ బరువులో నూటికో వంతు. ఆ వంతును తూచడానికి గ్రాములో పది లక్షలో వంతు చూపించే త్రాసు కావాలి, తూచే ముందు ఫిల్టర్‌ను ఒకే ఉష్ణోగ్రతలో, 30 నుంచి 40 శాతం తేమలో ఒక రోజంతా ఉంచాలి. జులైలో హైదరాబాద్‌లో గది తేమను 40 లోపు పట్టి ఉంచడం ఎంత కష్టమో ఆ గదిలో కూర్చున్నవారికే తెలుసు. తలుపు తీసి ఒకరు పలకరించి వెళ్తే చాలు, తేమ అంకె పైకి ఎగబాకుతుంది. టెఫ్లాన్‌కు స్థిర విద్యుత్తు కూడా పడుతుంది. దాన్ని పోగొట్టకుండా పెడితే త్రాసు అంకెలు కుదురుగా నిలవవు. పట్టకారుతో అంచు పట్టుకుని, ఊపిరి అటు తిప్పుకుని, అద్దం తలుపు మూసి, అంకె కుదురుకునే దాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ప్రతి ఫిల్టర్‌నూ ఇలాగే, మళ్లీ మళ్లీ. దీనికి తోడు కొన్ని ఫిల్టర్లను డాబా మీదికి తీసుకెళ్లి, బిగించి, పంపు వేయకుండానే తిరిగి తెచ్చి తూచాలి. చేతుల వల్ల, డబ్బాల వల్ల ఎంత అంటుకుందో అవి చెబుతాయి. కొత్తగా చేరిన విద్యార్థులకు ఈ ఖాళీ ఫిల్టర్లు వృథా అనిపిస్తాయి. నాకైతే వాటిని చూపించని వ్యాసం మీద నమ్మకం కుదరదు.

ఫిల్టర్ రంగులోనే కాలం తెలిసిపోతుంది. డిసెంబరు, జనవరి ఫిల్టర్లు కాటుక పూసినట్టు వస్తాయి. బేగంపేట నుంచి వాతావరణ శాఖ తెల్లవారుజామున 5.30 లెక్కకు పంపే బెలూన్ వివరాలు తీసి చూస్తే కారణం అందులోనే దొరుకుతుంది. నేల దగ్గర చల్లగా, కొద్ది ఎత్తులో వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చని పొర పొగను పైకి పోనివ్వదు. ఏప్రిల్ ఫిల్టర్లలో దుమ్ము రంగు. జూన్‌లో నాలుగు మంచి వానలు పడ్డాక తీసిన ఫిల్టర్‌ను, వాడిందో వాడనిదో తెలియక డబ్బా మీది చీటీ మళ్లీ చదివేదాన్ని.

సంక్రాంతి మాకు దేవుడిచ్చిన ప్రయోగం. నగరంలో సగం జనం ఊళ్లకు వెళ్లిపోతారు, రోడ్లు ఖాళీ. మసి యంత్రంలో ప్రతి సాయంత్రం కనిపించే ట్రాఫిక్ మూపురం ఆ రోజుల్లో బాగా చదునైంది. భోగి తెల్లవారుజామున మాత్రం వేరే మూపురం లేచింది, ఆ ఫిల్టర్‌లో పొటాషియం ఎక్కువ. అది కట్టె పొగ జాడ. నేను ఊరికి వెళ్లలేదని అమ్మ ఫోనులో నిష్ఠూరమాడింది. భోగి రోజు ఫిల్టర్ మార్చేవారెవరూ లేరని చెప్తే, "మీ డాబాకు పండగ లేదా" అంది.

ఇన్ని తూచాక కూడా మేఘానికి నేను ఒక్క అడుగు దగ్గర కాలేదు. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే పీఎం 2.5 అంకె చూసి మేఘాల గురించి తీర్పులు చెప్పేవారితో నా పేచీ ఇక్కడే. బరువు పెద్ద కణాలది, మేఘం చిన్న కణాలది. రెండున్నర మైక్రాన్ల కణం ఒకటి, 0.1 మైక్రాన్ కణాలు దాదాపు 15,600 కలిపితే ఉండేంత బరువుంటుంది. ఒక నిమ్మకాయకు సరితూగాలంటే ఎన్ని ఆవగింజలు పోయాలో ఊహించుకోండి. త్రాసు నిమ్మకాయను చూస్తుంది. మేఘానికి కావలసింది గింజల లెక్క.

ఎందుకంటే ప్రతి బిందువుకూ లోపల ఒక కణం ఉండాలి. ఒక్క కణం కూడా లేని గాలిలో ఆవిరి తనంతట తాను బిందువు కావాలంటే తేమ కొన్ని వందల శాతానికి చేరాలి. నిజమైన మేఘాల్లో అది 100ని దాటేది సాధారణంగా ఒక శాతం లోపే. స్కాట్లాండ్‌కు చెందిన జాన్ ఐట్కెన్ 1880లోనే, వడగట్టిన గాలిలోకి నీటి ఆవిరి వదిలితే పొగమంచు కట్టదని, మామూలు గాలిలో వెంటనే కడుతుందని చూపించాడు. కణం ఎంత ఉంది, అందులో నీటిలో కరిగేది ఎంత అన్నదాన్ని బట్టి అది ఎప్పుడు బిందువుగా పెరుగుతుందో లెక్కకట్టే పద్ధతి 1936లో స్వీడన్ శాస్త్రవేత్త హిల్డింగ్ కోహ్లర్ ఇచ్చాడు. ఇప్పటికీ మేం వాడేది ఆ లెక్కే.

ఆ లెక్కను గాలి మీద పరీక్షించడానికి సీసీఎన్ కౌంటర్, అంటే మేఘ బిందువులు కాగల కణాలను లెక్కపెట్టే యంత్రం, కావాలి. మా దగ్గర లేదు. వేరే సంస్థ నుంచి వర్షాకాలంలో కొన్ని వారాలకు అరువు దొరికింది. నిలువు గొట్టం, లోపలి గోడ ఎప్పుడూ తడిగా, పై నుంచి కిందికి వేడి పెరుగుతూ ఉంటుంది. ఆవిరి గాలిలో వేడి కంటే కాస్త త్వరగా పాకుతుంది కాబట్టి గొట్టం నడిమధ్యలో తేమ 100 శాతం దాటుతుంది. ఎంత దాటాలో మనం నిర్ణయిస్తాం: 0.2 శాతం, 0.4 శాతం, అలా. బిందువులైన కణాలను కింద లేజర్ లెక్కపెడుతుంది. వాడే ముందు అమోనియం సల్ఫేట్ కణాలతో సరిచూడాలి. లోపలికి వెళ్లే గాలిని సిలికా జెల్‌తో ఆరబెట్టాలి. హైదరాబాద్ ఆగస్టులో ఆ గుళికలు ఎంత త్వరగా రంగు మారతాయంటే, వాటిని ఓవెన్‌లో ఎండబెట్టడమే నాకు ఒక ఉద్యోగమైంది.

కౌంటర్ చూపించింది ఇది. జనరేటర్ వేసినప్పుడు మసి గీత ఆకాశానికి లేచినా, 0.2 శాతం దగ్గర బిందువుల సంఖ్య పెద్దగా కదలలేదు. అప్పుడే పుట్టిన డీజిల్ మసి సన్నగా ఉంటుంది, నీటిని అంటనివ్వదు. అదే మసి గాలిలో తిరిగి తిరిగి సల్ఫేట్ పూత పట్టాక మేఘానికి పనికొస్తుంది. అరేబియా సముద్రం మీదుగా పడమటి గాలి గట్టిగా వీచిన రోజుల్లో ఫిల్టర్ బరువు తక్కువ, అందులో సోడియం కనిపించేది, ఉన్న కణాల్లో ఎక్కువ భాగం బిందువులయ్యేవి. పీఎం అంకె ప్రకారం అవి "శుభ్రమైన" రోజులు. మేఘానికి మాత్రం ఆ గాలిలో గింజలకు కొరత లేదు.

పరిశోధన సమీక్ష కమిటీలో పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించినదే: "అయితే మన కాలుష్యం వల్ల హైదరాబాద్‌లో వాన తగ్గుతుందా, పెరుగుతుందా?" తెలిసినంత చెప్పాను. ఉన్న నీటినే ఎక్కువ కణాలు పంచుకుంటే బిందువులు చిన్నవవుతాయి, మేఘం మరింత తెల్లగా మెరుస్తుంది. వాతావరణ శాస్త్రవేత్త షాన్ టూమీ 1970లలో చూపించింది అదే. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న వాన చినుకు తయారవ్వడానికి పది మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న బిందువులు పది లక్షలు కలవాలి, మరీ చిన్న బిందువులు ఒకదాన్నొకటి ఢీకొని కలవవు, కాబట్టి వాన ఆలస్యం కావచ్చు. కానీ మేఘంలో తేమ 100 శాతాన్ని ఎంత దాటుతుందన్నది గాలి ఎంత వేగంగా పైకి లేస్తుందన్నదాని మీద ఆధారపడుతుంది. డాబా మీద నేను దాన్ని కొలవలేదు. రుతుపవన కాలంలో కూడా మేఘం అడుగు నా గొట్టానికి చాలా పైన ఉంటుంది. అందుకే 2009లో పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ, మేఘాలను, ఏరోసాల్‌ను పరిశీలించే కైపీక్స్ ప్రయోగంలో విమానంతో మేఘాల్లోకే వెళ్లింది, హైదరాబాద్ దాని స్థావరాల్లో ఒకటి. 2011లో మహబూబ్‌నగర్‌లో నేల మీద కూడా పరికరాలు పెట్టింది. నా ఫలితాలను ఆ ప్రచురిత వ్యాసాల పక్కన పెట్టి చూసుకోమన్నారు. న్యాయమైన మాట. వాన గురించి నేను రాసిన వాక్యాన్ని థీసిస్ ముగింపులోంచి తీసేయమన్నారు, తీసేశాను. అది అందులోకి ఎలా వచ్చిందంటే, విభాగం వార్తాపత్రికకు "ప్రజలకు అర్థమయ్యే వాక్యం" ఒకటి కావాలని పట్టుబట్టడం వల్ల.

ఇప్పుడు మిగిలిన ఫిల్టర్లను నీటిలో నానబెట్టి అయాన్లు విడదీసే పని జరుగుతోంది. గేటు దగ్గరి పెద్దాయన రెండో నోటుపుస్తకం అడిగాడు, గీతలు కొట్టి ఇచ్చాను. కౌంటర్ కోసం వచ్చే వర్షాకాలానికి అప్పుడే దరఖాస్తు పెట్టాను. ఈసారి అక్టోబరు చివరి దాకా అడిగాను, గాలి ఈశాన్యానికి మళ్లే రోజులు కూడా కావాలి.