ఎట్టకేలకు క్యామ్‌షాఫ్ట్ తిరిగింది!

నాన్నగారి అంబాసిడర్ ఇంజన్ విప్పి మళ్లీ కడుతున్నాం. పాత 1489 సీసీ పెట్రోల్‌ది. ఇందులో క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిచే కడ్డీ, ఇంజన్ బ్లాకులోనే మూడు బేరింగుల మీద తిరుగుతుంది. కొత్త బేరింగులు కొట్టించి షాఫ్ట్ దూరిస్తే చేత్తో తిప్పడానికి రానంత బిగుతు. చాలా టెన్షన్ పడ్డాను.

"స్టార్ట్ చేసేయ్ బాబూ, అదే అరిగి సర్దుకుంటుంది" అన్నారొకరు. నాకు మనసొప్పలేదు. ఆయిల్ పొర నిలవడానికి సందు లేకపోతే బేరింగు కాలిపోతుంది, ఆ రజనంతా ఆయిల్‌లో కలుస్తుంది.

షాఫ్ట్ వంగితే చుట్టులో ఒక్కచోటే పట్టేస్తుంది. ఇదేమో చుట్టంతా ఒకేలా బిగుతు. అంటే తప్పు బేరింగులదే. గట్టిగా రాసుకునే చోట రంగు అంటుకుంటుందని షాఫ్ట్‌కి నీలం రంగు పల్చగా పూసి, తిప్పి బయటికి తీస్తే నడిమి బేరింగు అడుగంచున మాత్రమే ముదురు మరక! ఆ మరక చూశాక ప్రాణం లేచొచ్చింది.

మూడూ ఒకే వరుసలోకి వచ్చేలా లేత్ మేస్త్రీగారు ఓపిగ్గా రీమర్ (రంధ్రాన్ని లోపల సన్నగా చెక్కే పనిముట్టు) పట్టారు. ఆయిల్ రంధ్రాలు బ్లాకు రంధ్రాలకు సరిపోయాయో లేదో వైరు దూర్చి చూసి, రజను పోయేదాకా కడిగాం. ఇప్పుడు ఆయిల్ రాసి రెండు వేళ్లతో తిప్పితే హాయిగా తిరుగుతోంది. రేపు ఈ షాఫ్ట్‌ని తిప్పే టైమింగ్ చైన్ ఎక్కిస్తాం.