కరక్కాయ సిరా: మూడో విడతకి కుదిరిన నలుపు

ఈసారి కొలతలు: గింజ తీసేసిన ఎండు కరక్కాయ పెచ్చు 50 గ్రాములు, నీళ్ళు 400 మి.లీ., అన్నభేది 12 గ్రాములు, తుమ్మ జిగురు 10 గ్రాములు, లవంగాలు 3.

పెచ్చును కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తగా పొడి కొడితే వడగట్టడం కష్టం, ఆ బురదే తర్వాత కలం మొనలో అడ్డుపడుతుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున స్టీలు గిన్నెలో సన్న సెగ మీద గంటసేపు కాస్తే 200 మి.లీ. దాకా మిగులుతుంది. ఇనప మూకుడు వద్దు. కషాయం అందులోనే నల్లబడుతుంది, ఎంత ఇనుము కలిసిందో లెక్క తెలియదు. పాత నూలుగుడ్డలో రెండుసార్లు వడగట్టండి.

ఎరువుల దుకాణంలో ఫెర్రస్ సల్ఫేట్ అని అడిగితే దొరికేది అన్నభేదే. లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. పసుపుపచ్చగా పొడి పట్టిందంటే గాలి తగిలి పాడైనట్టు. 30 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, కషాయం చల్లారాక కొంచెం కొంచెంగా పోయాలి. జిగురును విడిగా మరో 30 మి.లీ. నీళ్ళలో ముందురోజే నానేసి, వడగట్టి చివర్లో కలపాలి. లవంగాలు బూజు పట్టకుండా.

అసలు కిటుకంతా అన్నభేది పాళ్ళలోనే ఉంది. మొదటి విడతలో 25 గ్రాములు వేస్తే రాసిన రోజు నల్లగా నిగనిగలాడింది. మూడు వారాలు కిటికీ ఎండలో ఉంచాక అక్షరాల అంచుల్లో తుప్పు రంగు తేలింది. కరక్కాయ వగరుతో కలవగా మిగిలిపోయిన ఇనుము చేసే పని అది. పులుపు కూడా ఎక్కువై కాగితాన్ని తినేస్తుంది. రెండో విడతలో 5 గ్రాములకి తగ్గిస్తే బూడిద రంగు దాటలేదు. పైగా జిగురు వేయనందువల్ల నోటుబుక్కు కాగితం మీద గీత నాలుగు వైపులా పాకింది.

ఇప్పటి సిరా గీసినప్పుడు పలచటి బూడిద రంగులో ఉంటుంది. చూస్తుండగానే ముదురుతుంది, మర్నాటికి కాటుక నలుపు. గాలి తగిలి ఇనుము మారడం వల్ల వచ్చే నలుపు కాబట్టి మొదటి గీత చూసి కంగారుపడి మరింత అన్నభేది వేయకండి. ఇంత చక్కటి మార్పు మరే ఇంటి సిరాలోనూ కనపడదు.

వెదురు కలం, ముంచి రాసే పాళీ రెండూ బాగా నడుస్తున్నాయి. ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకూడదు, జిగురు గడ్డకట్టి పెన్ను పాడవుతుంది. కాచిన గిన్నె మళ్ళీ వంటకి వాడొద్దు, సీసాని పిల్లలకి అందకుండా పెట్టండి.

బచ్చలి పళ్ళు, బీట్‌రూట్ రంగులు తాజాగా ఎంత అందంగా ఉన్నా ఎండకి కొద్దిరోజుల్లోనే వెలిసిపోయాయి. పసుపూ అంతే. శంఖుపుష్పం నీలంలో నిమ్మరసం చుక్క వేస్తే ఊదా రంగు వస్తుంది. పిల్లల బొమ్మలకి ఇవి చాలు, దాచుకోవాల్సిన రాతకి పనికిరావు.

నాలుగో విడతలో అన్నభేది బదులు శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతి: తుప్పు మేకులు 100 గ్రాములు, బెల్లం 50 గ్రాములు, లీటరు నీళ్ళు, మట్టికుండలో. పులిసేటప్పుడు గాలి పొంగుతుంది, అందుకే మూత బిగించకుండా గుడ్డ కట్టాం. పదిహేను రోజులయ్యాక ఒక చుక్క తీసి కరక్కాయ కషాయంలో వేయాలి. వెంటనే నల్లబడితే వాడుకోవచ్చు, లేదంటే ఇంకో వారం ఆగాలి.