మా ఫ్లాటు తనఖాలో ఉందని ఎవరూ చెప్పలేదు: ఇల్లు కొన్న నా అనుభవం

నిన్న సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వేలిముద్రలు వేసి వచ్చాం. ఇల్లు మా ఇద్దరి పేరు మీదికి వచ్చింది. సంతోషంగా ఉంది, కానీ కోపం ఇంకా చల్లారలేదు. తెలంగాణలో అపార్టుమెంటులో ఫ్లాటు కొనబోయే ప్రతివారికీ ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను.

బ్యాంకు రుణం ఇబ్బంది లేకుండానే వచ్చింది. కొలతలు మా తమ్ముడు టేపు పట్టి చూశాడు. 1,400 చదరపు అడుగులని చెప్పిన ఫ్లాటులో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం నిజంగా వాడుకునే చోటు, వెయ్యి కూడా దాటలేదు. ధర మాట్లాడేటప్పుడు కార్పెట్ ఏరియానే అడగండి, అంతే.

అసలు కథ మేము మొదట చూసిన ఫ్లాటుది. రెండో అంతస్తు, తూర్పు గుమ్మం, వంటింట్లోకి చక్కటి వెలుతురు. మా అత్తగారికి కూడా నచ్చింది. అడ్వాన్సు కొంత ఇచ్చాక, మంజూరైన ప్లానుతో పాటు అనుమతి ఉత్తర్వు ప్రతి కూడా కావాలని బిల్డరు ఆఫీసులో అడిగాను. అక్కడి మేనేజరు నా వైపు చూడనైనా చూడకుండా మావారితో, "సార్, మేడమ్‌గారికి మీరైనా చెప్పండి. బ్యాంకులే ఒప్పుకున్న ప్రాజెక్టు ఇది. ఇన్ని అనుమానాలుంటే ఎలా?" అన్నాడు. పక్కన కూర్చున్న రెండు కుటుంబాల వాళ్లు నన్నే చూస్తున్నారు. ఆ ఇంటి వాయిదాల్లో సగం నా జీతంలోంచే పోతుంది. సంతకం నాది, అప్పు నాది, కాగితం అడిగే హక్కు మాత్రం నాది కాదట! ఇలాంటి మాట వినాల్సి వచ్చిన ఆడవాళ్లందరికీ చెబుతున్నాను: లేచి వచ్చేయకండి, కాగితం చేతికి వచ్చేదాకా అక్కడే కూర్చోండి. నేను కూర్చున్నాను. ఇవ్వలేదు.

ఆ రాత్రి బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరు కొట్టి, బిల్డరు పెట్టిన పత్రాలన్నీ తెరిచాను. అనుమతి ఉత్తర్వు వంకరగా, మసకగా స్కాన్ చేసి ఉంది. పెద్దది చేసుకుంటూ ఒక్కో షరతూ చదివితే, తనఖా పెట్టిన ఫ్లాట్ల నంబర్లు కనిపించాయి. అందులో మాది ఉంది.

ఆ తనఖా సంగతి ఇది. అపార్టుమెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు, నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం భాగాన్ని అనుమతి ఇచ్చే సంస్థ తన పేర తనఖా పెట్టించుకుంటుంది. బిల్డరు ప్లాను ప్రకారం కడితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో కాపురం ఉండవచ్చనే ధ్రువపత్రం) ఇచ్చి విడుదల చేస్తుంది. ప్లాను తప్పితే ఆ భాగాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. అంటే బిల్డరు అదనంగా ఏదైనా కట్టుకుంటే, ఆ పాపానికి హామీగా ఉండేది మా ఇల్లు! మాకు చూపిన ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రంలో, ఇది లేదు. తేదీ చూస్తే అర్థమైంది, అది అనుమతి రాకముందు తీసిన ఈసీ. కాబట్టి బిల్డరు ఇచ్చిన ఈసీని నమ్మకండి, కొత్త తేదీతో మీరే తీసుకోండి.

మర్నాడు ఆ ప్రింటు తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాను. "అది మామూలే మేడమ్, అందరికీ ఉండేదే" అన్నాడు. ఈసారి మాట్లాడింది నాతోనే. మామూలే అయితే మాకు ఎందుకు చెప్పలేదని అడిగితే జవాబు లేదు. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిన మధ్యవర్తి ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. రెండు వైపులా కమీషన్ తీసుకునే మనిషి మీ మేలు కోరతాడని ఎప్పుడూ అనుకోవద్దు.

అడ్వాన్సు వెనక్కి ఇమ్మని ఉత్తరం రాసి, రసీదు ప్రతి జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నానా సాకులు చెప్పి చివరికి చెక్కు ఇచ్చారు. మా డబ్బు ఎక్కువ ఇరుక్కోలేదంటే నేను పట్టుబట్టడం వల్లే. ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. వాళ్లు 20 శాతం అడిగినప్పుడు ఆ మాటే చెప్పి ఒప్పుకోలేదు.

ఇప్పుడు కొన్నది మరో బిల్డరు కట్టిన ఇల్లు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తనఖా విడుదల పత్రం రెండూ చూశాకే ధర మాట్లాడాం. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్ (అమ్మినవాళ్ల తరఫున ఆదాయపన్ను శాఖకు కట్టే పన్ను) మేమే మినహాయించి కట్టాం. ఇక మ్యుటేషన్ (ఇంటి పన్ను రికార్డుల్లో పేరు మార్పు), కరెంటు మీటరు పేరు మార్పు మిగిలాయి. సోమవారం వాటికి దరఖాస్తు చేస్తాను.