స్టార్‌గేట్ మళ్ళీ తెరుస్తున్నారు

ఈరోజు మా మేనల్లుడితో స్టార్‌గేట్ గురించి, అదే ఒక పెద్ద రింగులోంచి వేరే గ్రహాలకి పోయే సైన్స్ ఫిక్షన్ కథ గురించి, మాట్లాడీ మాట్లాడీ గొంతు పోయింది, అయినా ఇంకా మిగిలే ఉంది, అందుకే రాస్తన్నా. 2025 నవంబర్లో అమెజాన్ వాళ్ళు కొత్త సిరీస్ తీస్తున్నామని చెప్పినప్పట్నుంచి బుర్రలో ఇదే తిరగతా ఉంది, 2011లో దాని చివరి టీవీ సిరీస్ యూనివర్స్ ఆపేసినాక ఇంక అయిపోయిందిలే అని వదిలేసుకున్న కథ గదా. మధ్యలో 2018లో ఆరిజిన్స్ అని చిన్న వెబ్ సిరీస్ ఒకటొచ్చింది గానీ నాకు ఆకలి తీరలా.

ఆదివారం కదాని అక్క మూలపేటకి రమ్మనింది, రాత్రే పెట్టిన చేపల పులుసు, మామిడికాయ ముక్కలు బాగా ఊరి ఉన్నాయి, తినేసి నేనూ వాడూ పైన వరండాలో కూర్చున్నాం. వాడు ఇంటర్ సెకండియర్. ఫోన్లో గేట్ తెరుచుకునే క్లిప్ చూపించా. ఆ పెద్ద రింగు మెల్లగా తిరగతా ఒక్కో గుర్తు దగ్గర ఆగడం, చుట్టూ ఉన్న లాకులు టక్కుమని పడడం, ఏడోది పడంగానే నీళ్ళు ఎగజిమ్మినట్టు బయటికొచ్చి వెనక్కిపోయి నిలబడిపోవడం. వాడు వెనక్కి జరిపి జరిపి చూశాడు.

"యాడ్నించి మొదలుపెట్టాల మామా?" అన్నాడు. మూడు టీవీ సిరీస్‌లు, ఎస్‌జీ-1 214 ఎపిసోడ్లు, అట్లాంటిస్ 100, యూనివర్స్ 40, మొత్తం 354, దానికి ముందు 1994 సినిమా ఒకటి అని చెప్పేసరికి వాడి మొహం మారిపోయింది. "అదంతా పక్కనబెట్టి మొదట్నించి కొత్తగా తీస్తే పోలా?"

పోదు. దీని గురించి నాకు గట్టి నమ్మకం ఉంది. ఎందుకంటే 1997లో ఎస్‌జీ-1 మొదలైందే అట్టా, అప్పటికే ఉన్న కథని మళ్ళీ లేపి. సినిమాలో గేట్ అబిడోస్ అనే ఒక్క గ్రహానికే పోద్ది. అదొక్కటే అయితే సిరీస్ ఏం నడుస్తుంది? అప్పుడు వాళ్ళు సినిమాని కొట్టిపారేయలేదు, నక్షత్రాలు వేల ఏళ్ళుగా జరిగిపోతా ఉంటాయి కాబట్టి పాత అడ్రసులు, అంటే ఏ గ్రహానికి ఏ గుర్తులు తిప్పాలనే వరసలు, పనిచేయడం లేదు, అబిడోస్ దగ్గర్లో ఉండబట్టి అదొక్కటే తగిలింది అన్నారు. ఆ జరుగుడు లెక్కగట్టి సరిచేస్తే మిగతావీ తెరుచుకుంటాయి. అడ్రసులు మాత్రం యాడియి అంటే, అబిడోస్‌లోనే ఒక గదిలో గోడల నిండా చెక్కి ఉన్నాయి, సినిమాలో గేట్ గుర్తుల గుట్టు విప్పి, ఆ తర్వాత అక్కడే ఉండిపోయిన డేనియల్ వాటిని పట్టుకున్నాడు. కొన్ని వివరాలు మార్చినా, అసలు కథని చెరపకుండా ఒక్క గ్రహం కథని గెలాక్సీ అంత చేశారు, అదీ తెలివంటే! సినిమా చూడనోడికి కూడా మొదటి ఎపిసోడ్‌లోనే అంతా అర్థమైపోద్ది.

ఇప్పుడూ అట్టాంటి సందు ఒకటి వెతుక్కుంటే చాలు. 354 చూసినోడు ఉండాల, ఒక్కటీ చూడని మావాడూ ఉండాల. కొత్త సిరీస్‌ని నడిపించే మార్టిన్ గెరో అట్లాంటిస్‌కి రాసినాయన, ఆ పాత సిరీస్‌లు పుట్టించినోళ్ళలో ఒకడైన బ్రాడ్ రైట్ కూడా ఉన్నాడు, కాబట్టి నాకు ధైర్యంగానే ఉంది.

నాకు మాత్రం యూనివర్స్‌లో లెక్కల్లో దిట్టైన కుర్రోడు ఈలై ఏమయ్యాడో కావాల. యూనివర్స్ చివర్లో ఓడలో అందరూ ఏళ్ళ తరబడి నిద్రకి పోతారు, అట్టా నిద్రపోయే పెట్టె, పాడ్ అంటారు, ఒకటి పనిచేయదు, దాన్ని రెండు వారాల్లో బాగుచేసుకోకపోతే ఊపిరుండదు అని తెలిసీ ఆ పిల్లోడు నేనుంటా అంటాడు. అక్కడ ఆపేశారు. హాస్టల్ రూంలో అది చూసి నేనెంత బాధపడ్డానో ఎవరికీ చెప్పలా. కొత్త సిరీస్‌లో పది నిమిషాలు ఇచ్చినా చాలు, బతికాడని చెప్తే చాలు.

రాత్రికి సినిమా, రేపు కాలేజీ నుంచి వచ్చినాక ఎస్‌జీ-1 మొదటి ఎపిసోడ్ అని ఒప్పందం. అక్క పరీక్షలని అరిచింది, రోజుకొకటే అని నేను మాటిచ్చా. వాడికి ఒక్క కండిషన్ పెట్టా, యూనివర్స్ చివరి ఎపిసోడ్ మాత్రం నేను లేకుండా చూడొద్దురా అని.