పియర్ 15లో ఒక పూట

ఎక్స్‌ప్లొరేటోరియంలోకి అడుగుపెట్టగానే ముందు చెవులకు పని పడుతుంది. ఎక్కడో ఏదో టంగుమని మోగుతుంది, ఇంకెక్కడో గాలి బుస్సుమంటుంది, వాటన్నిటి మీదా పిల్లల కేకలు. ఇదొక సైన్స్ మ్యూజియం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంబార్కడెరో రోడ్డు వెంట, బే (అఖాతం) నీళ్ల మీదికి పొడుచుకొచ్చిన పియర్ 15 అనే పాత ఓడరేవు షెడ్డులో ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు బల్లలు, అద్దాలు, చక్రాలు, గొట్టాలు. ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు ఎక్కడా కనబడలేదు. మా ఐదేళ్ల బాబు నా చెయ్యి వదిలించుకుని పరుగు తీశాడు, వాడి వెనకే మావారు.

దొరికిన సెలవులే కొన్ని, అందులో ఒక పూట మ్యూజియానికా అని అమ్మ ముందే సణిగింది. లోపల ఎన్ని వందల ప్రయోగాలున్నాయో చూశాక నాకు వేరే బెంగ పట్టుకుంది, ఇవన్నీ ఎప్పటికి పూర్తిచేస్తామని. ఆ తొందర కాస్తా పెద్ద అద్దం దగ్గర వదిలిపోయింది.

మనిషి కంటే పెద్దదైన, లోపలికి వంగిన పుటాకార దర్పణం అది. దూరంగా నిలబడితే మనం తలకిందులుగా కనిపిస్తాం. బాగా దగ్గరకు వెళ్తే నిటారుగా, మొహం ఇంత పెద్దదై కనిపిస్తుంది. ఈ రెండిటికీ మధ్య ఒక చోటుంది. అక్కడ నిలబడి చెయ్యి చాస్తే, అద్దంలో ఉండాల్సిన చెయ్యి గాల్లోకి బయటికొచ్చి మన చేతికి ఎదురొస్తుంది. పట్టుకుందామంటే ఏమీ ఉండదు. మా పదేళ్ల అమ్మాయి ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కు వేస్తూ ఆ చోటు తనే కనిపెట్టింది. వక్రతా కేంద్రం, నాభి అని చుక్కలు పెట్టి, స్కేలుతో కిరణాలు గీసి నేను మార్కులు తెచ్చుకున్న పాఠం ఇది. ఆ కిరణాలు కలిసేచోట నిజంగానే ఒక చెయ్యి తేలుతుందని మాత్రం నాకు ఇప్పుడే తెలిసింది.

నాన్న పని చేసిందంతా లేత్ మిషన్ మీదే. ఆయన్ను కట్టిపడేసింది ప్రయోగాలు కాదు, వాటిని తయారుచేసే వర్క్‌షాపు. అది మ్యూజియంలోనే, వచ్చినవాళ్లందరికీ కనబడేలా ఉంది. డ్రిల్లులు, కొలత పనిముట్లు, సగం తయారైన చట్రాలు. పనిచేసేవాళ్ల చేతులనే చూస్తూ నిలబడిపోయారాయన. సైన్సు ఎంతసేపూ పుస్తకాల్లోనో, తెల్లకోటు వేసుకున్నవాళ్ల దగ్గరో ఉంటుందనుకుంటాం. అది మెటల్ కోసి బోల్టు బిగించేవాళ్ల పని కూడా అని దాచకుండా చూపించడం నాకు ఎంతో నచ్చింది.

ఈ మ్యూజియాన్ని 1969లో మొదలుపెట్టిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ కథ నాన్నకు అక్కడే చెప్పాను. అణుబాంబు ప్రాజెక్టు నడిపిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు తమ్ముడు, ఆయనా భౌతిక శాస్త్రవేత్తే. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాడన్న కారణంగా 1949లో యూనివర్సిటీ ఉద్యోగం పోయింది. కొలరాడోలో పశువులు పెంచుకుంటూ బతికాడు, తర్వాత అక్కడి హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాతే ఈ మ్యూజియం. మొదట ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ భవనంలో ఉండేది, 2013లో ఈ పియర్‌కు మారింది. లాబొరేటరీ తలుపులు మూసుకుపోయిన మనిషి, తలుపుల్లేని లాబొరేటరీ లాంటిది కట్టాడు. ‘పాపం, మంచి పని చేశాడు’ అన్నారు నాన్న.

ఆరెంజ్ రంగు జాకెట్లు వేసుకుని తిరిగే కుర్రాళ్లను అక్కడ ఎక్స్‌ప్లెయినర్లు అంటారు. వాళ్లలో ఒకమ్మాయి బల్ల మీద ఆవు కన్ను కోసి చూపిస్తోంది. అమ్మ చూడలేనని దూరంగా వెళ్లి కూర్చుంది. నేనూ పక్కకు తిరుగుదామనుకున్నాను గానీ పాప నా చెయ్యి వదల్లేదు. పైపొర కోయగానే నీళ్లలాంటి ద్రవం కారింది, తర్వాత జెల్లీ లాంటి ముద్ద, అందులోంచి గోలీ అంత లెన్సు. దాన్ని అక్షరాల మీద పెడితే అక్షరాలు పెద్దవై కనిపించాయి. కంటి లోపలి గోడకు నెమలికంఠం రంగులో మెరిసే పొర ఉంది. రాత్రిపూట లైటు పడితే ఆవు కళ్లు మెరిసేది దీనివల్లే. మనకు ఆ పొర లేదు. చివరగా ఆ అమ్మాయి రెటీనాను, అంటే వెలుగును పట్టే పలుచని పొరను, సున్నితంగా లాగింది. అది ఒక్కచోట తప్ప అంతా ఊడి వచ్చింది. అతుక్కున్న ఆ చోటే మెదడుకు నరం వెళ్లే దారి. అక్కడ వెలుగును పట్టే కణాలు ఉండవు కాబట్టి ఏమీ కనిపించదు.

‘మనక్కూడా ఉంటుందా అలాంటి చోటు?’ అని అడిగింది పాప. ఉంటుందంది ఆ అమ్మాయి. ఆ ఒక్క మాటా పట్టుకుంది మా పిల్ల. ఆ తర్వాత మేడ మీది అబ్జర్వేటరీ నుంచి బే అంతా కనిపిస్తున్నా దాని ధ్యాస అక్కడ లేదు. బాబు మాత్రం తిరిగే బల్ల మీద చక్రాలు దొర్లించడం మానలేదు. వాణ్ని కదిలించడానికి మావారు నానా తంటాలు పడ్డారు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పొద్దున్నే వెళ్లండి, లిస్టు రాసుకుని వెళ్లకండి. పిల్లలు ఎక్కడ ఆగితే అక్కడ కుర్చీ వెతుక్కోండి.

తిరుగు ప్రయాణంలో పాత ట్రామ్ ఎక్కాం. పాప నా బ్యాగులోంచి కాగితం లాక్కుని ఎడమవైపు ప్లస్ గుర్తు, దానికి జానెడులో సగం దూరంలో కుడివైపు నల్లచుక్క పెట్టింది. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తెచ్చుకుంటే ఒకచోట చుక్క మాయమవుతుంది. తనకు మాయమైంది, నాకూ మాయమైంది. నాన్నకు ఎంతసేపటికీ మాయం కాలేదు.

‘ఆ కన్ను కాదు తాతయ్యా, ఎడమది మూసుకో!’

మూసుకున్నారు. ‘అరె, పోయిందే’ అన్నారు గట్టిగా. ముందు సీట్లో కూర్చున్నావిడ వెనక్కి తిరిగి, ఆ కాగితం నాకూ ఒకసారి ఇస్తారా అని అడిగింది.