తేయాకు తోటల బడిలో

మా పెరంబూరు తెలుగు చర్చివాళ్లతో శ్రీలంక వెళ్లొచ్చా. నువర ఎలియా దగ్గర తేయాకు తోటల బడిలో పిల్లలకి లెక్కలు, ఆటలు. 1,800 మీటర్ల పైన కదా, చెన్నై ఒంటికి ఒకటే వణుకు! నా అరవం మాత్రం బాగా అక్కరకొచ్చింది. చెన్నై అనగానే అందరూ ధోనీ గురించే అడిగారు.

ఈ తోటల తమిళుల ముత్తాతల్ని తోటపనికి మన పక్కనుంచే తెల్లవాళ్లు తీసుకెళ్లారు. అక్కడి 1948 చట్టంతో లక్షలమందికి పౌరసత్వమే లేకుండా పోయింది. ఆ తర్వాత కూడా పౌరసత్వం దొరకనివాళ్ల సంగతి 2003లోగానీ తేలలేదు. పక్కనే ఉండి కూడా ఇదంతా అక్కడి మాస్టారు చెబితేనే తెలిసింది.

పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని ఫొటోలు పెట్టడం నాకు నచ్చదు. కొద్దిరోజుల్లో మనం ఒరగబెట్టేదెంత? భిన్నాలు సగంలో ఉన్నాయి, మిగతాది వాళ్ల టీచరమ్మే చెప్పాలి. ఈసారి వెళ్తే ఆవిడ ఏ పాఠం ఇస్తే అదే చెబుతా.