సౌండ్ కార్డ్ పంచాయితీ

ఆదివారం రాత్రి, హనుమకొండ

కంప్యూటర్‌కు సౌండ్ కోసం విడిగా పెట్టుకునే సౌండ్ కార్డ్, లేదా అదే పని చేసే బయటి డబ్బా, కొనాలా వద్దా అన్న పంచాయితీ మా ఇంట్లో దసరా నుంచి నడుస్తోంది, ఈరోజు దాన్ని అటో ఇటో తేల్చేద్దామని కూర్చున్నా. ఉన్నది మామూలు డెస్క్‌టాప్. ఆఫీసు పని ఇంటికి తెచ్చుకున్నప్పుడు ట్యాలీకి, మా బిడ్డ క్లాసులకు, రాత్రిపూట నేను పాటలు వినడానికి. సౌండ్ అంతా మదర్‌బోర్డ్ మీదున్న రియల్‌టెక్ చిప్ నుంచే, ఏఎల్‌సీ 887. హెడ్‌ఫోన్ పెట్టుకుని మౌస్ కదిపితే చెవిలో సన్నగా జిర్రుమంటుంది. బాపు పాత ఆంప్లిఫయర్‌కు కలిపితే పాట లేనప్పుడు కూడా ఒకటే గుయ్యిమనే మోత. వీటికి తోడు బాపు క్యాసెట్లు సంచెడున్నాయి, అవి పూర్తిగా పాడవకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

ఇవన్నీ విని కాజీపేట దోస్తు చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట. "ఆన్‌బోర్డ్ సౌండ్‌తోని ఎన్ని రోజులు ఎల్లదీస్తవ్‌రా, ఒక డాక్ కొనుక్కో, అన్నీ పోతయ్." డాక్ అంటే యూఎస్‌బీకి తగిలించే చిన్న డబ్బా, ఫైల్‌లో అంకెలుగా ఉన్న పాటను అది కరెంటు సిగ్నల్‌గా మార్చి హెడ్‌ఫోన్‌కు ఇస్తుంది. మదర్‌బోర్డ్ మీది చిప్ చేసేదీ అదే పని. కాకపోతే అది కంప్యూటర్ లోపల, గ్రాఫిక్స్ కార్డు పక్కన, ఫ్యాన్ల పక్కన, నానా చెత్త సిగ్నళ్ల మధ్య కూర్చుని చేస్తుంది. వాడి వాదన అంతా ఈ ముక్క మీదే.

కుమార్‌పల్లి మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చేసరికి వాడు వచ్చి కూర్చున్నాడు. రైల్వేలో పని, రాత్రి డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా బ్యాగులో తన డాక్, తన హెడ్‌ఫోన్, రెండు మూడు రకాల వైర్లు వేసుకుని వచ్చాడు. మా ఆమె సర్వపిండి పెడితే అది తింటూనే సౌండ్ బ్లాస్టర్ పురాణం ఎత్తుకున్నాడు. వాడు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. ఒకప్పుడు పీసీ అంటే బీప్ అనడం తప్ప ఇంకేం రాదు, సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ కంపెనీ 1989లో సౌండ్ బ్లాస్టర్ తెచ్చాక కార్డు పెట్టుకున్నవాడి కంప్యూటరే పాడేది. తర్వాత 1997లో ఇంటెల్ ఏసీ 97 అని ఒక పద్ధతి పెట్టింది, 2004లో హెచ్‌డీ ఆడియో వచ్చింది, ఆ దెబ్బతో సౌండ్ బోర్డులోనే కలిసిపోయింది. 2007లో విండోస్ విస్టా వచ్చి గేముల సౌండ్ లెక్కలను కార్డుకు అప్పగించే పాత దారి కూడా మూసేసింది. అంటే అప్పట్లో జనం కార్డు ఎందుకు కొన్నారో ఆ కారణాల్లో ఇప్పుడు మిగిలింది చాలా తక్కువ, వాడి పాత ప్రేమ తప్ప. ఈ మాట వాడి ముందు అనలేదు, తినేటప్పుడు గొడవెందుకని.

ముందు జిర్రుమనే శబ్దం సంగతి. నేను హెడ్‌ఫోన్ పెట్టేది కేబినెట్ ముందు వైపు, చేతికి అందుతుందని. ఆ ముందు జాక్ నుంచి బోర్డు దాకా లోపల ఒక సన్న వైరు పోతుంది, దాదాపు అన్ని కేబినెట్లలోనూ అది గ్రాఫిక్స్ కార్డు కింద నుంచో పక్క నుంచో సాగుతుంది, చాలా వాటిలో దానికి బయటి చప్పుడును ఆపే సరైన లోహపు తొడుగు (షీల్డింగ్) ఉండదు. మౌస్ కదిపినా స్క్రీన్ స్క్రోల్ చేసినా లోపల కరెంటు వాడకం ఎగుడుదిగుడు అవుతుంది, ఆ చప్పుడే ఈ వైరు మోసుకొస్తుంది. వంగి, టేబుల్ కిందికి దూరి, హెడ్‌ఫోన్ పిన్ను వెనకాల పచ్చ రంగు జాక్‌లో పెట్టా. జిర్రు పోయింది. వాల్యూమ్ నిండా పెంచి ఏమీ ప్లే చేయకుండా విన్నా, ఎక్కడో దూరంగా స్‌స్ అని ఉంది, పాట మొదలైతే అది కూడా వినపడదు. ఒక ఎక్స్‌టెన్షన్ వైరుతో తీరే పని ఇది. దోస్తు మొహం కాస్త చిన్నబోయింది గానీ, "అది సరే, మరి ఆంప్లిఫయర్?" అన్నాడు.

ఆంప్లిఫయర్ మోత వేరే రకం. మౌస్ కదిపినా కదపకపోయినా ఒకే శ్రుతిలో గుయ్యిమంటూ ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, మోత ఆ శ్రుతిలోనో దానికి రెట్టింపులోనో నిలకడగా ఉందంటే మొదట అనుమానించాల్సింది ఎర్తింగ్‌నే. వాడు వెంటనే తన డాక్ తగిలించి, దాన్నుంచి ఆంప్లిఫయర్‌కు వైరు ఇచ్చాడు. మోత అలాగే ఉంది. పోదు కూడా, ఎందుకంటే యూఎస్‌బీ వైరులోనే గ్రౌండ్ తీగ ఉంటుంది, కంప్యూటర్ గ్రౌండ్ అదే దారిన డాక్‌లోకి, అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌లోకి వస్తుంది. డాక్ ఖరీదైనదైనంత మాత్రాన ఆ తీగ మాయం కాదు. ఆప్టికల్ వైరు అయితే గాజులోనో ప్లాస్టిక్‌లోనో వెలుతురే పోతుంది కాబట్టి దారి తెగుతుంది, కానీ మా ఆంప్లిఫయర్ బాపు వయసుది, దానికి ఆప్టికల్ ఎక్కడిది.

ఒక్కొక్క వైరే పీకుతూ వచ్చాం. కంప్యూటర్ వైరు పీకితే మోత ఆగింది, మళ్లీ పెడితే వచ్చింది. అక్కడికి ఎవరైనా కంప్యూటర్‌దే తప్పు అనుకుంటారు. కానీ అదే ఆంప్లిఫయర్‌కు టీవీ సెట్‌టాప్ బాక్స్ కూడా కలిపి ఉంది, బాపుకు వినికిడి తగ్గాక వార్తలు అందులోనే వింటాడు. ఆ బాక్స్‌కు వీధి స్తంభం మీది నుంచి వచ్చే కేబుల్ తీగ మర తిప్పి తీసేశా, కంప్యూటర్ మాత్రం కలిపే ఉంచా. మోత మాయం. కేబుల్ తీగ పై అల్లిక ఎక్కడో బయట ఒక చోట భూమికి తగులుతుంది, కంప్యూటర్ మా గోడ సాకెట్‌లో ఇంకో చోట తగులుతుంది, రెండు ఎర్తుల మధ్య ఉండే చిన్న తేడాకు ఆంప్లిఫయర్ వైర్ల గుండా కరెంటు చుట్టూ తిరుగుతుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే.

కంప్యూటర్ ప్లగ్గు మూడో పిన్ను తీసేస్తే సరిపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. మోత పోవచ్చు, కానీ కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా, ఎస్‌ఎంపీఎస్‌లో ఏదైనా కాలి కరెంటు కేబినెట్‌లోకి వస్తే భూమిలోకి పోయే దారి ఉండదు. ఇంట్లో చిన్నపిల్ల ఉన్నప్పుడు ఆ సలహా వినేదే లేదు. బాక్స్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెడితే చాలు, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, సిగ్నల్ దాటుతుంది, గ్రౌండ్ దాటదు. చవక రకాల్లో బేస్ కొంచెం తగ్గుతుంది అంటారు, వార్తలు చదివే ఆయన గొంతుకు బేస్ ఎందుకు?

ఈలోపు బాపు కేక. "ఏందిరా, టీవీ బందయింది?" కేబుల్ మళ్లీ బిగించక తప్పలేదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అసలు పరీక్ష. మోతలు పక్కన పెడితే, పాట వినడంలో తేడా ఉందా లేదా? మొదటిసారి డాక్‌తో వింటే నిజంగానే బాగుంది, గొంతు ముందుకొచ్చింది, తబలా గట్టిగా తగిలింది. కానీ దాని సౌండ్ కూడా ఎక్కువే ఉంది. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మనకు అది గట్టిగా ఉన్నట్టు అనిపించదు, మంచిగా ఉన్నట్టు అనిపిస్తుంది, షాపులో మనల్ని ముంచేది ఇక్కడే. కాబట్టి ఫోన్‌లో కొలుస్తూ రెండింటినీ సమానం చేశాం, విండోస్‌లో సౌండ్‌ను మార్చే ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేశాం. నేను కళ్లు మూసుకుని కూర్చుంటే మా ఆమె పిన్ను మార్చాలి, ఏది పెట్టిందో నేను చెప్పాలి. నేను చెప్పినవి బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చాయి. దోస్తు కూర్చున్నా అంతే. మా ఆమె మధ్యలో తను కూడా పెట్టుకుని విని, "రెండూ గదే పాట గదా" అని గిన్నెలు కడగడానికి పోయింది.

వాడు ఒప్పుకుంటాడా? "నీ హెడ్‌ఫోన్‌లనే దమ్ము లేదు" అని బ్యాగులోంచి తనది తీశాడు, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, అందులోనూ 250 ఓమ్స్ రకం, ఓమ్స్ అంటే కరెంటును అది ఎంత అడ్డుకుంటుందో ఆ లెక్క, దాన్నే ఇంపీడెన్స్ అంటారు. ఇక్కడ మాత్రం వాడి మాట నెగ్గింది. మా బోర్డు దాన్ని తోయలేకపోయింది, వాల్యూమ్ నిండా పెట్టినా మెల్లగా, బక్కగా వినపడింది, డాక్‌లో ఉన్న ఆంప్‌తో హాయిగా పాడింది. అంత ఇంపీడెన్స్ ఉన్న హెడ్‌ఫోన్‌కు వోల్టేజీ ఎక్కువ కావాలి, మామూలు బోర్డు ఇచ్చేది చాలదు. అలాంటిది కొన్నవాడు డాక్ కొనాల్సిందే. నాది 32 ఓమ్స్, ఫోన్‌కు పెట్టినా మోగుతుంది. ముందు ఖరీదైన హెడ్‌ఫోన్ కొని, దానికోసం డాక్ కొని... ఆ దారిలో పోయినవాళ్లు మళ్లీ వెనక్కి రావడం నేను చూడలేదు, దోస్తే సాక్ష్యం.

అంకెలు చూసినా ఇదే తేలుతుంది. పాటకూ చిప్ సొంత బుసకూ మధ్య ఎంత దూరం ఉంటుందో డెసిబెల్స్‌లో చెబుతారు, ఎక్కువుంటే మేలు. ఏఎల్‌సీ 887కు పాట వినిపించే వైపు అది 97 డెసిబెల్స్, రికార్డు చేసే వైపు 90 అని రియల్‌టెక్ కాగితాల్లో ఉంది. సీడీలో పట్టేదే 16 బిట్లకు 96 చిల్లర. బోర్డు మీద కూర్చున్నాక ఆ 97 కొంత తగ్గుతుంది, నిజమే. పెద్ద బోర్డుల్లో వచ్చే ఏఎల్‌సీ 1220కి 120 అని చెప్పుకుంటారు. కానీ మా గదిలో ఫ్యాను, కింద రోడ్డు మీద ఆటోలు, పక్కింటి మిక్సీ, వీటన్నిటి మీదా ఆ 120 ఎక్కడ వినాలి.

నాకు అసలు మనసున్నది క్యాసెట్ల మీద. మా ఊరు ఐనవోలు దగ్గర, మల్లన్న జాతర రోజుల్లో ఒగ్గు కథ చెప్పేవాళ్లు వస్తే బాపు ముందు వరుసలో టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చునేవాడు. డోలు, తాళాలు, మధ్యలో ఎవరో పిల్ల ఏడుపు, బాపు దగ్గు, అన్నీ అందులో ఉన్నాయి. దీన్ని ఎక్కించడానికైనా మంచి సౌండ్ కార్డ్ కావాలన్నది నా అనుమానం, సాయంత్రం దాన్నే పట్టుకున్నాం. బుస తగ్గించే డాల్బీ పద్ధతి లేని మామూలు క్యాసెట్‌లో పాటకూ టేపు బుసకూ మధ్య ఉండే దూరమే 50 డెసిబెల్స్ చుట్టుపక్కల. మా బోర్డు లైన్ ఇన్‌లో, అంటే బయటి పరికరం నుంచి పాట తీసుకునే జాక్‌లో, 90 కాకపోయినా 80 వచ్చినా, టేపు మీదున్నదంతా అందులో పట్టి ఇంకా చోటు మిగులుతుంది. నీలం రంగు జాక్‌లోనే పెట్టాలి, గులాబీ రంగుది మైకుది, అందులో పెడితే సిగ్నల్ పెద్దదై చిరిగిపోతుంది. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల కథ వేరు, చాలా వాటికి లైన్ ఇన్ ఉండదు, వాళ్లకు యూఎస్‌బీ డబ్బా తప్పదు.

క్యాసెట్‌కు ఖర్చు పెట్టాల్సింది డెక్ మీద, అంటే క్యాసెట్ వాయించే యంత్రం మీద. దోస్తు దగ్గరి పాత డెక్ తెచ్చాం, టేపును చదివే హెడ్ మీద గోధుమ రంగు మకిలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది తడిపి తుడిస్తే దూది నల్లబడింది, రబ్బరు రోలర్ కూడా అలాగే. ఒక క్యాసెట్‌లో టేపును హెడ్‌కు అదిమే చిన్న ఫెల్ట్ ముక్క ఊడి పడిపోయి ఉంది, పనికిరాని ఇంకో క్యాసెట్ నుంచి తీసి పెట్టాం. తర్వాత హెడ్ పక్కనున్న చిన్న మర. బాపు రికార్డర్ హెడ్ ఏ వాలులో ఉండి రికార్డు చేసిందో ఈ డెక్ హెడ్ ఆ వాలులో ఉండదు, అందుకే కథ అంతా దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు మందంగా ఉంటుంది. పాట నడుస్తుండగా ఆ మరను స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెం తిప్పుతుంటే ఒక చోట తాళాలు ఒక్కసారిగా తేటగా మోగాయి, కథకుడి మాటల్లో సకారాలు కూడా బయటికొచ్చాయి. అక్కడ ఆపేశాం. డాక్‌తో పొద్దుటి నుంచి వినబడని తేడా, సౌండ్ కార్డ్ ఊసే లేకుండా, అందరికీ వినపడింది. బాపు కూడా టీవీ ఆపి వచ్చి, "ఇగో, ఇప్పుడు ఒగ్గాయన గొంతు లెక్క ఉంది" అన్నాడు.

రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు పెట్టా. డోలు గట్టిగా పడ్డప్పుడు కూడా మీటరు మైనస్ 6 దాటకుండా చూసుకున్నా. బుస తీసేసే ఫిల్టర్ జోలికి పోలేదు, దాన్ని ఎక్కువ నమ్మితే బుసతో పాటు తాళాలూ పోతాయి.

ఒక్క పని మిగిలింది, దానికి మాత్రం ఈ బోర్డు చాలదని నాకూ తెలుసు. మా ఆమె, వాళ్ల అమ్మ కలిసి బతుకమ్మ పాటలు పాడితే రికార్డు చేయాలని మొన్న దసరాకు అనుకున్నాం, గులాబీ జాక్‌లో మైకు పెడితే గొంతు కన్నా బుస ఎక్కువొచ్చింది. మైకు నుంచి వచ్చేది చాలా చిన్న సిగ్నల్, దాన్ని పెంచే భాగం మామూలు బోర్డుల్లో నాసిగా ఉంటుంది. దానికి కావాల్సింది ఆ చిన్న సిగ్నల్‌ను పెంచే మైకు ప్రీ ఆంప్, కొన్ని రకాల మైకులకు వైరు గుండానే కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్, రెండూ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, పాటలు వినే డాక్ కాదు. కొంటే అది కొంటా, అది కూడా బతుకమ్మ దగ్గర పడ్డాక, అత్తమ్మ పాడతానని గట్టిగా చెప్పాక.

దోస్తు ఏడింటికి మళ్లీ డ్యూటీకి పోయాడు, డెక్ వదిలి, డాక్ పట్టుకుని. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు చౌరస్తాలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్, హెడ్‌ఫోన్ ఎక్స్‌టెన్షన్ వైరు అడగాలి. డెక్‌కు బెల్ట్ కూడా, ఇప్పుడున్నది వదులైంది, క్యాసెట్ చివరికొచ్చేసరికి కథ నెమ్మదిస్తోంది.